చంపిందెవరో చెప్పని మాటలు

2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావుతో సహా 27 మంది భద్రతా బలగాల చేతుల్లో చనిపోయారు. కేశవరావు శ్రీకాకుళం జిల్లా మనిషి. ఆ కబురు దేశానికి చెబుతూ కేంద్ర హోంమంత్రి వాడిన మాట 'న్యూట్రలైజ్'. తెలుగులో అది 'ఏరివేత' అయింది. ఏరివేత మనకు తెలిసిన పనే. మడిలో కలుపు ఏరతాం, బియ్యంలో రాళ్లు ఏరతాం.

సరిగ్గా 14 రోజులకు, జూన్ 4న, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ రాష్ట్రమంతటా 'వెన్నుపోటు దినం' జరిపింది. ఎన్నికల హామీలను కూటమి ప్రభుత్వం ఏడాదైనా నిలబెట్టుకోలేదన్నది దాని ఫిర్యాదు. అడిగే హక్కు ప్రతిపక్షానికి ఉంది. అడగాలి కూడా. కానీ వెన్నుపోటు అంటే నమ్మినవాడి వెనక నిలబడి కత్తి దించడం.

ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులు కుప్పగా చచ్చిన చోట నెత్తురు వాసన లేని మాట. ఒక్క మనిషీ చావని చోట కత్తీ నెత్తురూ ఉన్న మాట. తెలుగు రాజకీయం ఈ రెండు పనుల్లోనూ ఆరితేరింది.

ఇది పండితుల గొడవ అని పక్కన పెట్టొద్దు. చంపడాన్ని చెప్పే మాటలు గత యాభై ఏళ్లలో రబ్బరులా సాగాయి. హత్య, ఖూనీ, ఎన్‌కౌంటర్, ఫ్యాక్షన్, బలిదానం, అమరుడు, అన్నిటి అర్థాలూ పెరిగాయి. పెరగడమే తప్పని మేము అనం. బతికున్న భాషలో మాట పెరుగుతుంది. మేము అడిగేది ఒకటే. పెరిగిన మాట మనల్ని చచ్చినవాడి దగ్గరికీ, చంపినవాడి దగ్గరికీ తీసుకుపోతోందా? లేక ఇద్దరికీ దూరంగా లాక్కుపోతోందా?

ముందు మన ఇంటి ముంగిటే చూద్దాం. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల్లో క్రాస్ ఓటింగ్ చేశారంటూ అప్పటి పాలకపక్షం నలుగురు శాసనసభ్యులను సస్పెండ్ చేసింది. వాళ్లలో ముగ్గురు పాత నెల్లూరు జిల్లా వాళ్లు. ఒకరు అప్పటి ఉదయగిరి శాసనసభ్యుడు మేకపాటి చంద్రశేఖరరెడ్డి. మరొకరు అప్పట్లో వెంకటగిరి శాసనసభ్యుడిగా ఉండి, 2024లో ఆత్మకూరు నుంచి గెలిచి మంత్రి అయిన ఆనం రామనారాయణరెడ్డి. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా ఒక వర్గం 'వెన్నుపోటు' అంటుంది, రెండో వర్గం 'మా నాయకుణ్ణి రాజకీయంగా హత్య చేశారు' అంటుంది, చూసేవాళ్లు 'రాజకీయ ఆత్మహత్య' అని తీర్పు చెబుతారు. పోయింది పదవో టికెట్టో. ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన ముసలివాళ్ల గురించి ఏ నాయకుడైనా ఇంత పెద్ద మాట వాడగా మేము వినలేదు. పక్కనే సోమశిల నిండుకుండలా ఉన్నా బిందెడు మంచినీళ్లకు నోచుకోని ఊళ్ల గురించీ వినలేదు.

ఈ అలవాటుకు ముప్పై ఏళ్లు దాటాయి. 1995 ఆగస్టులో ఎన్.టి. రామారావును ముఖ్యమంత్రి పదవి నుంచి దింపినప్పుడు వెన్నుపోటు అన్న మాట రాజకీయ నిఘంటువులోకి ఎక్కింది. 1996 జనవరిలో ఆయన చనిపోయారు కాబట్టి ఆ మాటకు కొంత బరువు మిగిలింది. అక్కణ్నుంచి అది చేతులు మారుతూ వచ్చింది. అప్పుడు పార్టీని చీల్చడం వెన్నుపోటు. ఇప్పుడు పథకం డబ్బులు పడకపోవడమూ వెన్నుపోటే. 'ప్రజాస్వామ్యం ఖూనీ' సంగతి చెప్పక్కర్లేదు. మండల పరిషత్తు సమావేశం వాయిదా పడ్డా ప్రజాస్వామ్యం ఖూనీ అయిపోతుంది. ఇన్నిసార్లు ఖూనీ అయినదాన్ని నిజంగా ఎవరైనా చంపిన రోజున చెప్పుకోవడానికి మన దగ్గర మాట మిగలదు.

ఇక 'రాజకీయ హత్య'. 2019 సెప్టెంబర్ 11న తెలుగుదేశం పార్టీ 'చలో ఆత్మకూరు' అని పిలుపిచ్చింది. మన ఆత్మకూరు కాదు, పల్నాడు ఆత్మకూరు. అధికారం మారాక తమ కార్యకర్తలను చంపుతున్నారని, ఊళ్ల నుంచి తరుముతున్నారని దాని ఆరోపణ. అప్పటి ప్రభుత్వం కొట్టిపారేసింది. ఐదేళ్లకు పాత్రలు తిరగబడ్డాయి. 2024 జులై 24న వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఢిల్లీలో ధర్నాకు కూర్చుని, కొత్త ప్రభుత్వం వచ్చిన కొద్ది వారాల్లోనే 30కి పైగా రాజకీయ హత్యలు జరిగాయన్నారు. ఈసారి కొట్టిపారేసింది తెలుగుదేశం ప్రభుత్వం. సంభాషణ అదే, పలికినవాళ్లు మారారు.

లెక్క ఎందుకు తేలదు? చట్టంలో రాజకీయ హత్య అన్న నేరం వేరుగా లేదు కాబట్టి. నిన్నటి శిక్షాస్మృతిలో 302, 2024 జులై 1 నుంచి అమలైన న్యాయసంహితలో 103. రెండూ హత్యకే. రాజకీయ కారణం అన్నది జాతీయ నేర గణాంకాల పట్టికలో ఒక గడి మాత్రమే. ఆ గడిలో ఏ చావు పడాలో ఊళ్లో దర్యాప్తు చేసే పోలీసే రాస్తాడు. చచ్చినవాడి పార్టీ అధికారంలో లేకపోతే అది పొలంగట్టు తగాదా అవుతుంది, పాతకక్ష అవుతుంది, తాగిన గొడవ అవుతుంది. చచ్చినవాడి పార్టీ అయితే పొలంగట్టు తగాదాను కూడా రాజకీయ హత్య ఖాతాలో రాసుకుంటుంది. ఒకరు మాటను కుదిస్తారు, ఒకరు సాగదీస్తారు. మధ్యలో ఆ ఇంటి ఆడమనిషి చార్జిషీటు కోసం స్టేషను చుట్టూ తిరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సాగిన మాట ఎన్‌కౌంటర్. ఇంగ్లీషులో దానికి ఎదురుపడటం అని అర్థం. శ్రీకాకుళ పోరాట కాలంలో అది తెలుగు మాట అయిపోయింది. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఎదురుకాల్పుల్లో చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. పట్టుకుని కాల్చారని జనం చెప్పారు. ఎమర్జెన్సీలో, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చేశారు. చెట్లకు కట్టి చంపారని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది. ఆనాటి నుంచే 'బూటకపు ఎన్‌కౌంటర్' అన్న జంటమాట పుట్టింది. ఈ జంటమాటలో ఒక తిరకాసు ఉంది. బూటకపుది అని ఒకదాన్ని వేరు చేస్తే మిగిలినవన్నీ నిజమైనవని ఒప్పుకున్నట్టే. హక్కుల సంఘాలు అందుకే ఆ మాటతో తృప్తిపడకుండా, ప్రతి కాల్పుల మరణానికీ హత్య కేసు పెట్టి విచారించమన్నాయి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా, కేసు నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అన్నది. 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది.

కోర్టులు మాటను కట్టెయ్యాలని చూస్తుంటే మాట కట్లు తెంచుకుంది. మొదట నక్సలైట్లకే వాడిన ఎన్‌కౌంటర్ 2008 డిసెంబర్‌లో వరంగల్ యాసిడ్ దాడి నిందితుల దాకా వచ్చింది. 2015 ఏప్రిల్ 7న ఒక్కరోజే రెండు చోట్ల వినబడింది. శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు, ఆలేరు దగ్గర పోలీసు బండిలో చేతులకు బేడీలున్న ఐదుగురు విచారణ ఖైదీలు. కూలీలను 'ఎర్రచందనం స్మగ్లర్లు' అన్నారు. ఎర్రచందనం మనకు కొత్త కాదు, మన వెలిగొండల్లోనూ ఉంది. గొడ్డలి పట్టుకున్న కూలీ ఎవరో, దుంగ అమ్ముకుని మేడలు కట్టినవాడు ఎవరో ఉదయగిరిలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఎన్‌కౌంటర్ అన్న మాట మేడ దాకా ఎప్పుడూ వెళ్లలేదు.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో 'దిశ' కేసు నిందితులు నలుగురిని కాల్చేసినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఒక ఆడపిల్లకు జరిగిన ఘోరం మీద ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ రోజుతో మాట అర్థం తిరగబడింది. ఎన్‌కౌంటర్ అంటే నేరం కాదు, శిక్ష. శిక్ష కాదు, న్యాయం. 2022 మేలో వెలుగు చూసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ఏమన్నదో చాలామంది చదవలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. ఈలోగా 'వాణ్ణి ఎన్‌కౌంటర్ చేసెయ్యాలి' అన్నది నోటికి అలవాటైన మాట అయింది. చెయిన్ లాక్కుపోయినవాణ్ణీ చెయ్యాలి, లంచం తిన్నవాణ్ణీ చెయ్యాలి. మాట అంత పలచనైతే, రేపు ఒక ఉద్యమకారుణ్ణి కాల్చి అదే మాట చెప్పినప్పుడు ఎందుకని అడిగేవాడు ఉండడు.

మాటలను సాగదీసింది ప్రభుత్వాలు మాత్రమే కాదు. నక్సలైట్లు 'వర్గశత్రు నిర్మూలన' అన్నారు. నిర్మూలన అంటే వేరుతో పెకలించడం. మొదట అది భూస్వామికి వాడిన మాట. తర్వాత కాంట్రాక్టరు వచ్చాడు, నాయకుడు వచ్చాడు, ఆఖరికి పూటకు గతిలేని గిరిజనుడు 'ఇన్‌ఫార్మర్' పేరుతో వచ్చి చేరాడు. చంపడం 'ప్రజాకోర్టు తీర్పు' అయింది, 'చర్య' అయింది. 1995 డిసెంబర్ 1న ఒంగోలులో పార్లమెంటు సభ్యుడు మాగుంట సుబ్బరామిరెడ్డిని పీపుల్స్‌వార్ చంపింది. 2007 సెప్టెంబర్‌లో మన జిల్లాలోనే మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, ఆయన భార్య వెళుతుండగా మందుపాతర పేలింది. వాళ్లిద్దరూ బయటపడ్డారు. కాన్వాయ్‌లోని ముగ్గురు చనిపోయారు. ఆ ముగ్గురూ ఏ వర్గానికి శత్రువులు? వాళ్లు వార్తల్లో 'అనుచరులు'గా మిగిలిపోయారు. పోలీసు ప్రకటన అయినా, పార్టీ ప్రకటన అయినా చంపడాన్ని పనిగా మార్చే నేర్పు ఒక్కటే. డాక్టర్ కె. బాలగోపాల్ బతికినన్నాళ్లూ రెండు వైపులనూ అదే ప్రశ్న అడిగారు, రెండు వైపులా తిట్లు తిన్నారు.

చంపినవాణ్ణి మాయం చేసే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. 'గుర్తు తెలియని వ్యక్తులు' వాటిలో మొదటిది. 1985 సెప్టెంబర్‌లో వరంగల్‌లో డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2000 నవంబర్‌లో హైదరాబాద్‌లో పురుషోత్తంను నరికారు. ఇద్దరూ పౌరహక్కుల సంఘం వాళ్లు. తర్వాతి రోజుల్లో గుర్తు తెలియనివాళ్లకు పులుల పేర్లు, కోబ్రాల పేర్లు వచ్చాయి. మనుషుల పేర్లు మాత్రం రాలేదు.

రెండోది 'ఫ్యాక్షన్'. ఇంగ్లీషులో వర్గం అని మాత్రమే అర్థం ఉన్న ఈ మాట వెలిగొండ అవతలి గాలి తగలగానే వేటకొడవలి అయింది. 2005 జనవరి 24న అనంతపురంలో పట్టపగలు పార్టీ కార్యాలయంలో శాసనసభ్యుడు పరిటాల రవిని చంపితే, అది రాజకీయ హత్యా ఫ్యాక్షన్ హత్యా అని వాదించుకున్నారు. ఫ్యాక్షన్ అన్నాక అది వాతావరణంలాంటిది అయిపోతుంది. కరువులా, ఎండలా అక్కడ పుట్టినవాళ్ల రాత. కాంట్రాక్టులు ఎవరివి, గనులు ఎవరివి, ఎవరు ఎవరికి డబ్బిచ్చారు అన్న ప్రశ్నలు సినిమా బాంబుల పొగలో కనబడవు. ఒక ప్రాంతం మొత్తానికి హంతకుల ముద్ర పడుతుంది, అసలు హంతకుడికి తప్ప.

ఒక్కోసారి మాట పూర్తిగా తలకిందులవుతుంది. 2019 మార్చి 15 ఉదయం పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి మరణాన్ని మొదట గుండెపోటు అన్నారు. గొడ్డలిపోట్లు బయటపడ్డాక హత్య అన్నారు. కేసు సీబీఐకి వెళ్లింది, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు విచారణను తెలంగాణకు మార్చింది. ఒక్క ఉదయం ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఎంత చెరిపెయ్యవచ్చో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అలాగని హత్య అన్న మాటను శవపంచనామా దగ్గరే కట్టేసి ఉంచాలా? అక్కర్లేదు. ఉదయగిరి ప్రాంతమే దీనికి జవాబు చెప్పింది. కలిగిరి మండలం దూబగుంటలో, తొంభైల మొదట్లో, అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా మీద లేచారు. అంతకుముందు ఆ చావులకు మన భాషలో ఒకే మాట ఉండేది, 'తాగి చచ్చాడు'. చచ్చినవాడే చంపుకున్నవాడు. సారా పాటలు పాడిందెవరు, వారుణివాహిని పేరుతో ఊరూరికీ సరఫరా చేసిందెవరు, ఆ ఆదాయంతో నడిచిందెవరు అని దూబగుంట ఆడవాళ్లు వేలు చూపించారు. వేలు చూపించాక ప్రభుత్వం తప్పించుకోలేకపోయింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మాట అర్థం పెరిగింది, పెరిగి చంపినవాడి గడప దాకా నడిచింది.

రైతుల విషయంలోనూ అంతే. అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకుంటుంటే, 'ఇవి ప్రభుత్వ హత్యలు' అని రైతు సంఘాలు అన్నాయి. అతిశయోక్తి అని వెక్కిరించినవాళ్లున్నారు. కానీ ఆ ఒత్తిడితోనే 2004లో 421 నంబరు జీవో వచ్చింది, కుటుంబాలకు పరిహారం వచ్చింది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ వచ్చి ఇది 'అసలైన' రైతు ఆత్మహత్యో కాదో తేల్చే తంతూ వచ్చింది. మాటను మళ్లీ కుదించే పని ఆ కమిటీలు చేశాయి. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు విద్యార్థులు 'వ్యవస్థ చేసిన హత్య' అన్నారు. సస్పెన్షన్ ఉత్తర్వు, ఆగిన ఫెలోషిప్ డబ్బు, ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరాలు, అన్నీ ఆ మాట వెనక కాగితాలుగా ఉన్నాయి. కాగితం చూపించగలిగిన చోట పెద్ద మాట వాడొచ్చు. చూపించలేని చోట అది కేక మాత్రమే.

చివరగా మన ఉద్యమాల మాట. ప్రత్యేక రాష్ట్రం అడిగే పత్రికగా ఈ మాట మేము చెప్పక తప్పదు. కనిగిరి పక్కన పడమటిపల్లె మూలాలున్న పొట్టి శ్రీరాములు 1952లో మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబర్ 15న కన్నుమూశారు. అమరజీవి అన్నారు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆయన మరణం తర్వాత రేగిన ఆందోళనల్లో పోలీసు కాల్పులకు కూలినవాళ్లకు ఏ జిల్లా పేరూ లేదు. దీక్షను అన్నాళ్లు చూస్తూ కూర్చున్న పాలకులను చంపినవాళ్లు అని ఎవరూ అనలేదు. అమరజీవి అన్న మాట ఆ ప్రశ్నను పూలదండతో కప్పేసింది.

తెలంగాణలో 2009 డిసెంబర్ 3న కాసోజు శ్రీకాంతాచారి చనిపోయాడు. ఆ తర్వాత ఎందరో పిల్లలు. వాళ్ల చావులకు 'బలిదానం' అని పేరు పెట్టారు. ఆ తల్లుల దుఃఖం ముందు మేము తల వంచుతాం. కానీ బలి అన్న మాటను విడదీసి చూడండి. బలిలో ఇచ్చేవాడుంటాడు, పుచ్చుకునేవాడుంటాడు, నరికేవాడుంటాడు. బలిదానం అన్న మాటలో ఆ మూడు పాత్రలూ చచ్చిపోయిన పిల్లాడివే. ఏళ్ల తరబడి మాట ఇచ్చి తప్పినవాళ్లకు అందులో పాత్ర లేదు. పైగా ఆ మాట ఇంకో పిల్లాణ్ణి పిలుస్తుంది. రాష్ట్రం వచ్చాక ఆ ఫొటోలకు దండలు వేసినవాళ్లు కుర్చీలెక్కారు, కన్నవాళ్లు కార్యాలయాల చుట్టూ తిరిగారు. ఏ రాష్ట్రమైనా సరే, సోమశిల నీళ్లు ఉదయగిరి మెట్టకు ఎక్కించే రాష్ట్రమైనా సరే, ఒక్క పిల్లాడి ప్రాణం ధరగా అడిగితే మాకు వద్దు. ఉద్యమానికి బతికున్నవాళ్లు కావాలి. అరెస్టయి, జైలుకెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ జెండా పట్టేవాళ్లు కావాలి. దిగులు ముంచుకొచ్చిన తమ్ముడెవరైనా ఉంటే పక్కనున్నవాళ్లు ఒంటరిగా వదలొద్దు. అది కూడా ఉద్యమ కార్యక్రమమే.

ఇకమీదట ఎవరు ఈ మాటలు వాడినా మూడు ప్రశ్నలు అడుగుదాం. చచ్చిందెవరు? చంపిందెవరు? ఆ మాటకు ఏ కాగితం, ఏ సాక్షి ఉంది? మూడింటికీ జవాబుంటే మాట ఎంత పెద్దదైనా నిలబడుతుంది. ఒక్కదానికీ లేకపోతే, వేదిక మీద ఎంత గొప్ప నాయకుడు అరిచినా అది గాలి. మైకు ముందు మనవాడు నిలబడినా ఇదే లెక్క.

ఈ పత్రికలో 'ఎన్‌కౌంటర్‌లో మృతి' అన్న మాట ఉండదు. పోలీసులు కాల్చగా చనిపోయారని రాస్తాం. 'ఇన్‌ఫార్మర్‌కు శిక్ష' అని ఉండదు. ఫలానా పార్టీ ఫలానా మనిషిని చంపిందని రాస్తాం. పదవి పోయినవాడికి పదవి పోయిందనే రాస్తాం. తెలుగు వాక్యంలో కర్త అనేవాడొకడుంటాడు. వాణ్ణి దాచిపెట్టడం మన వ్యాకరణానికి తేలిక. ఆ తేలికను పాలకులూ, తుపాకులవాళ్లూ ఇంతకాలం వాడుకున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు ఊళ్ల నుంచి మాకు వార్తలు రాసే మిత్రులందరికీ ఇదే విన్నపం. చావు కబురు రాసేటప్పుడు ముందు కర్తను వెతకండి. దొరకకపోతే దొరికేదాకా అడగండి.